ఎలాగూ ఉన్నారు కదా!

"ఎలాగూ వంటింట్లోనే ఉన్నావు కదా, కాస్త కాఫీ పెట్టు!"

"ఎలాగూ బజారుకి వెళ్తున్నావు కదా, కరెంటు బిల్లు కూడా కట్టేసి రా!"

"ఎలాగూ మిషన్ ముందు కూర్చున్నావు కదా వదినా, ఈ రెండు జాకెట్లకీ హుక్స్ కుట్టేద్దూ!"

ఈ మాటలు వినని వాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా, చెప్పండి? అడిగినవాళ్లది తప్పని కూడా అనలేం. దేనికది చూస్తే అయిదు నిమిషాల పనే. కానీ సాయంత్రం దీపం పెట్టే వేళకి చూసుకుంటే, పొద్దున లేస్తూనే చెయ్యాలనుకున్న అసలు పని ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఒళ్లు మాత్రం హూనమైపోయి ఉంటుంది.

ఈ 'ఎలాగూ' అనే చిన్న మాట ఇళ్లనే కాదు, లక్షలు పోసి మొదలుపెట్టిన పెద్ద పెద్ద ప్రాజెక్టులని కూడా ముంచేస్తుందంటే మీరు నమ్ముతారా? నేను నమ్ముతాను. ఇరవై ఏళ్లుగా నేను అన్నం తింటున్నది ఆ రంగంలోనే మరి!

నేను చేసే పనిని కన్సల్టింగ్ అంటారు. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు "అంటే ఏం చేస్తావమ్మా నువ్వు?" అని అడిగారు. "ఫ్యాక్టరీలకి వెళ్లి, వాళ్ల కొనుగోళ్లు, సరుకు, జీతాలు, పద్దులు తలో పుస్తకంలో ఉంటే అన్నీ ఒకే కంప్యూటర్ లెక్కలోకి తెచ్చి, వాళ్లంతట వాళ్లే నడుపుకునేలా నేర్పి వచ్చేస్తానండీ" అన్నాను. "ఓహో! మంత్రసానిలాంటి దానివన్నమాట" అన్నారావిడ. ఎన్ని పుస్తకాలు తిరగేసినా అంతకంటే చక్కగా చెప్పినవాళ్లు నాకు కనబడలేదు. బిడ్డ వాళ్లది. క్షేమంగా బయటికి తెచ్చి చేతికిచ్చి రావడం వరకే మన పని. చిక్కంతా ఎక్కడంటే, ఈ పురుడు ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర సాగుతుంది!

నెల రోజుల పనైతే ఎవరైనా పళ్లబిగువున లాగేస్తారు. ఏడాదిన్నర పని అలా కాదండీ. మొదటి రెండు నెలలూ కొబ్బరికాయ కొట్టిన హుషారు ఉంటుంది. చివరి రెండు నెలలూ గడువు తరుముతుంది. అసలు గండం మధ్యలోనే. అప్పుడు మొదలుపెట్టిన రోజు గుర్తుండదు, చివరి రోజు కనబడదు. సరిగ్గా ఆ సమయంలోనే "మీరెలాగూ ఇక్కడే ఉన్నారు కదా, ఇది కూడా..." అంటూ ఒక్కొక్కరే వస్తారు. కూరగాయల కొట్లో కొసరు అడిగినట్టు అడుగుతారు. ఒక కరివేపాకు రెబ్బ, ఒక కొత్తిమీర కట్ట అంటూ వేస్తూపోతే, అసలు కూర కంటే కొసరే బరువై సంచి తెగిపోతుంది.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే అనుకునేరు! ఆస్ట్రేలియాలో సిడ్నీ ఆపెరా హౌస్ ఉంది చూశారూ, సముద్రం ఒడ్డున తెల్లటి గవ్వల్లాంటి కప్పులతో... ఆ కట్టడం 1957లో 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లలో అయిపోతుందని లెక్క వేశారు. 1963కల్లా తలుపులు తెరుస్తామన్నారు. ఆ కప్పులు ఎలా నిలబెట్టాలో తేలకముందే 1959లో పని మొదలుపెట్టేశారు. మధ్యలో లోపలి హాళ్లు ఎలా ఉండాలన్న ఆలోచనలూ మారాయి. డబ్బు దగ్గర మాటా మాటా పెరిగి, గీసిన శిల్పి యోర్న్ ఉట్సన్ 1966లో వదిలేసి వెళ్లిపోయాడు. చివరికి 1973లో తెరిచేసరికి ఖర్చు 10 కోట్ల 20 లక్షల డాలర్లయింది. ఇల్లు కట్టి చూడమని మన పెద్దలు ఊరికే అన్నారా?

సరే, అంత దూరం ఎందుకు? నేను దగ్గరుండి చేసిన ఒక ప్రాజెక్టు గురించి చెబుతాను. అందులో మీకూ పనికొచ్చేవి నాలుగు విషయాలున్నాయి.

గోదావరి జిల్లాల్లో ఒక పచ్చళ్లు, కారప్పొడుల కంపెనీ. పేరు వద్దు లెండి. ముగ్గురు అన్నదమ్ములు, మూడు షెడ్లు, ప్యాకింగులో రెండు వందల మంది దాకా ఆడవాళ్లు. 2016 జూలైలో మొదలుపెట్టి పదిహేను నెలల్లో ముగించాలని ఒప్పందం. మా వైపు నుంచి నేనూ, ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలూ. ఆదివారం రాత్రి హైదరాబాదులో గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, మళ్లీ శుక్రవారం రాత్రే తిరుగు రైలు. మా అమ్మాయి ఆ ఏడు పదో తరగతి. గడువు మీద పెరిగే ప్రతి వారమూ దాని పక్కన నేను లేని వారమే. కాబట్టి ప్రాజెక్టు దారి తప్పకుండా చూడడం నాకు వృత్తిధర్మం మాత్రమే కాదు, ఇంటి అవసరం కూడా.

ఒక్క కాగితం, మూడు వాక్యాలు

నేను ఏ ప్రాజెక్టయినా ఒక్క కాగితంతో మొదలుపెడతాను. ఒప్పందం నూరు పేజీలుంటే ఉండనివ్వండి, దాన్ని సంతకం పెట్టిన రోజు తర్వాత ఎవరూ చదవరు. "ఇది పూర్తయిన రోజున మీకు ఏ కష్టం తీరాలి?" అని అందరినీ విడివిడిగా అడుగుతాను. పెద్దాయన సరుకు పాడైపోవడం గురించి చెప్పారు. మామిడి వచ్చేది వేసవి రెండు నెలలే కాబట్టి ఏడాదికి సరిపడా ముక్కలు ఉప్పులో ఊరేసి డ్రమ్ముల్లో పెడతారు. ఏ డ్రమ్ము ముందుది, ఏది వెనకది అన్నది తెలియక, పాతవి మూలపడి, కొత్తవి ముందు ఖర్చయిపోయేవి. చిన్నాయన లాభనష్టాల లెక్క మూడు నెలలకి గానీ తేలడం లేదన్నారు.

ప్యాకింగ్ షెడ్డులోకి కూడా వెళ్లి అడిగాను. సీసాలకి మూతలు బిగిస్తున్న ఒకావిడ తలెత్తకుండానే "కంప్యూటరొస్తే మా డబ్బులు తొందరగా వస్తాయా అమ్మగారూ?" అంది. అక్కడ కూలి లెక్క మూడు రిజిస్టర్లలో ఉండేది. అవి మూడూ కలిసేసరికి ప్రతి నెలా పన్నెండో తారీఖు, పదమూడో తారీఖు అయ్యేది. వెయ్యి మంది లోపు పనిచేసే చోట నెల తిరిగిన ఏడో రోజు దాటకుండా జీతాలివ్వాలని 1936 నాటి చట్టమే చెప్పింది. ఆ అయిదారు రోజుల కోసం ఆ ఆడవాళ్లు అప్పు చేసి వడ్డీ కడుతున్నారని యజమానులకి నిజంగానే తెలీదు.

అలా మూడు వాక్యాలు తయారయ్యాయి. ఒకటి, ఏ డ్రమ్ములో ఏ సరుకు, ఏ తేదీది ఉందో రోజూ సాయంత్రం ఆరింటికి ఒకే చోట తెలియాలి. రెండు, ప్రతి నెలా ఏడో తారీఖు లోపల కూలి అందాలి. మూడు, నెల తిరిగిన అయిదు రోజుల్లో లాభమెంతో, నష్టమెంతో తేలాలి. తెలుగులోనే పెద్ద అక్షరాలతో రాసి, అన్నదమ్ములు ముగ్గురి చేతా సంతకాలు పెట్టించి ఆఫీసు గోడకి అంటించాం. ఇంగ్లీషులో రాసి ఉంటే అది మా కాగితం అయ్యేది. తెలుగులో రాశాం కాబట్టి ప్యాకింగ్ ఆడవాళ్లు కూడా వచ్చి చదువుకుని వెళ్లారు.

కాదనకండి, రాసుకోండి

రెండో నెలలోనే కొసర్లు మొదలయ్యాయి. నడిపాయనకి ఉత్సాహం ఎక్కువ. "మీరెలాగూ కంప్యూటర్లు చూస్తున్నారు కదమ్మా, మాకో వెబ్‌సైట్ చేసిపెట్టండి" అన్నారు. ఆ తర్వాత గేటు దగ్గర కెమెరాలు, ఆ పైన సేల్స్ కుర్రాళ్లకి ఫోన్‌లో ఆర్డర్లు రాసుకునే ఏర్పాటు. ఏదీ చెడ్డ ఆలోచన కాదు. అదే ప్రమాదం! చెడ్డదైతే ఎవరైనా కాదంటారు.

ముఖం మీద కాదంటే మనిషి చిన్నబుచ్చుకుంటాడు. సరేనంటే మన పని మునుగుతుంది. అందుకే నేను ఒక నోటు పుస్తకం పెట్టాను. దానికి మా పిల్లలు 'కొసరు పుస్తకం' అని పేరు పెట్టారు. ఎవరేది అడిగినా నవ్వుతూ రాసుకోవడమే. ఏమడిగారు, ఎవరడిగారు, ఎన్ని రోజులు పడుతుంది, ఎంత ఖర్చు, ఇది చేస్తే గోడమీది మూడింట్లో ఏది వెనక్కి పోతుంది అన్న అయిదు గడులు. ఆ చివరి గడే అసలు మందు. "వెబ్‌సైట్ చేస్తామండీ, పాతిక రోజులు పడుతుంది. కూలి లెక్క డిసెంబరు నుంచి జనవరికి పోతుంది. పెద్దాయన సంతకం పెడితే రేపే మొదలుపెడతాం" అనేదాన్ని. పెద్దాయన సంతకం పెట్టలేదు. నేనూ ఎవరినీ కాదనలేదు.

పది నెలల్లో ఆ పుస్తకంలో 41 కొసర్లు చేరాయి. వాటిలో చేసినవి ఆరు. ఇరవై దాకా అడిగినవాళ్లే మర్చిపోయారు. మనింట్లో కూడా అంతే కదండీ, ఈ రోజు కొనకపోతే ప్రాణం పోతుందనుకున్న మిక్సీ అటాచ్‌మెంటు, వచ్చే నెలకి గుర్తుంటుందా?

అవుననే మనిషి ఒక్కరే ఉండాలి

ముగ్గురు కోడళ్లున్న ఇంట్లో పులుసులో ఉప్పు ఎవరు వేయాలో తేలకపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ముగ్గురూ వేస్తారు, లేకపోతే ఎవరూ వేయరు. అక్కడా అంతే. సోమవారం పెద్దాయన ఒకటి చెబితే, బుధవారం నడిపాయన మరోటి చెప్పేవారు. "మాట మీలో మీరు ఎంతసేపైనా అనుకోండి. మాకు చెప్పేది మాత్రం పెద్దాయన ఒక్కరే" అని ఒప్పించాను. ప్రతి సోమవారం పదింటికి అరగంట సమావేశం, నిలబడే! పోయిన వారం ఏమైంది, ఈ వారం ఏం చేస్తాం, ఎక్కడ ఆగింది అన్న మూడే ప్రశ్నలు. తీసుకున్న నిర్ణయం అప్పుడే రాసి, సాయంత్రానికి ముగ్గురికీ పంపేవాళ్లం. మూడు నెలలయ్యాక "నేనలా అనలేదే!" అన్న మాటకి ఆస్కారం లేకుండా పోయింది.

పని ఆగితే మనిషిని చూడండి

అన్నీ ఇంత బాగా జరిగితే ఇది రాయాల్సిన అవసరమే లేదు. సెప్టెంబరులో పని అడుగు కదలకుండా ఆగిపోయింది. సరుకుల జాబితా రావాలి. అది స్టోరు చూసే పెద్దాయన చేతిలో ఉంది. 27 ఏళ్లుగా ఆ రిజిస్టర్లు ఆయనవే. అడిగినప్పుడల్లా "రేపిస్తానమ్మాయ్" అనేవారు. ఇచ్చిన కాగితాలూ ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉండేవి. ఆవకాయ ఒక్కటే ఏడు రకాల పేర్లతో ఉంది! మా పిల్లలు విసిగిపోయి "కావాలనే ఆపుతున్నారు మేడమ్, ఓనర్‌గారికి చెప్పేద్దాం" అన్నారు.

నేను ఒక మధ్యాహ్నం క్యారేజీ తీసుకుని ఆయన గదికే వెళ్లి కూర్చున్నాను. "బాబాయ్ గారూ, మీ భయమేమిటో నాకు చెప్పండి" అన్నాను. చాలాసేపు మజ్జిగన్నం కలుపుతూనే ఉండిపోయారు. "ఆ పెట్టెలోకి అన్నీ ఎక్కించేశాక నన్ను ఎవరు ఉంచుకుంటారమ్మాయ్? మా చిన్నమ్మాయి పెళ్లి ఇంకా కాలేదు" అన్నారు.

చూశారా? మేము జాబితా కోసం చూస్తున్నాం. ఆయన జీతం కోసం చూస్తున్నారు. ఆ సాయంత్రమే పెద్దాయన దగ్గరికి వెళ్లి, సోమవారం అందరి ముందూ ఒక మాట చెప్పమన్నాను. ఆయన గొప్పగా చెప్పారు. "ఈ కంప్యూటర్ వల్ల మన దగ్గర ఎవరి ఉద్యోగమూ పోదు. స్టోరు లెక్కకి బాబాయే పెద్ద. ఆయన సరేనన్న పేరే పేరు" అన్నారు. తర్వాత మూడు వారాల్లో జాబితా పూర్తయింది. 1,140 పేర్లు వడపోస్తే 312 సరుకులు తేలాయి. ఆ వడపోత చేసింది మా సాఫ్ట్‌వేర్ కాదు, ఆయనే! ఏ ముక్క ఏ ఊరి కాయదో వాసన చూసి చెప్పగల మనిషి మరి.

అప్పటినుంచి మా పిల్లలకి ఒకటే చెబుతాను. పని ఎక్కడైనా వరసగా రెండు వారాలు ఆగిందంటే అక్కడ యంత్రాన్ని కాదు, మనిషిని చూడండి. ఆయన దేనికి భయపడుతున్నాడో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

అన్నీ కొసర్లు కావు సుమా!

2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయ్యాయి. ఆ కంపెనీలో కూలి ఇచ్చేది నగదులోనే. తెల్లారేసరికి చేతిలో ఉన్న నోట్లు చెల్లవు, కొత్తవి చాలవు. సగం మంది ఆడవాళ్లకి బ్యాంకు ఖాతాల్లేవు. "మీరెలాగూ కూలి లెక్క చూస్తున్నారు కదమ్మా, వీళ్ల ఖాతాల సంగతీ చూడండి" అన్నారు పెద్దాయన.

ఇదీ 'ఎలాగూ'నే కదా, కొసరు పుస్తకంలో రాసి ఊరుకోవచ్చు కదా అంటారా? అక్కడే గోడమీది కాగితం పనికొచ్చింది. రెండో వాక్యం చూడండి, కూలి వేళకి అందాలి. ఖాతా లేకుండా అందేదెలా? కాబట్టి అది కొసరు కాదు, అసలే. పన్నెండు రోజులు ఆ ఫారాలతోనే గడిపాం. బదులుగా సేల్స్ కుర్రాళ్ల ఫోన్ ఏర్పాటుని ఒప్పందంలోంచే తీసి పక్కన పెట్టాం. గిన్నెలో ఒక గరిటె పోస్తే ఒక గరిటె తీయాలి. లేకపోతే పొంగుతుంది.

ఆ మరుసటి ఏడు జీఎస్టీ వచ్చింది. 2017 జూలై 1 తేదీని మనం జరపలేం. మా తేదీలే దానికి తగ్గట్టు సర్దుకున్నాం. మొదట పచ్చళ్ల మీద 18 శాతం పన్ను అన్నారు. జూన్ 11న కౌన్సిల్ సమావేశంలో దాన్ని 12 శాతానికి తగ్గించారు. అమలుకి ఇరవై రోజులే ఉంది. ఆవకాయ ఇంకా ఏడు పేర్లతోనే ఉండి ఉంటే ఆ ఇరవై రోజులూ ఆ ఒక్క పనికే చాలేవి కావు. బాబాయ్ గారి జాబితా పుణ్యమా అని ఒక్క మధ్యాహ్నంలో మార్చేశాం.

కనబడే ఫలం, ఎదురుగా గడువు

ఇంకో చిట్కా. ఏడాదిన్నర చివర్లో ఒకేసారి అన్నీ చూపిస్తామంటే ఎవరికీ ఓపిక ఉండదు. నెలకొకటైనా చేతికి అందేది ఇవ్వాలి. మాకు రావలసిన డబ్బు కూడా అలాగే ముడిపెట్టుకున్నాం, నెలలకి కాదు, కనబడే ఫలితానికి. నవంబరు గందరగోళం వల్ల కూలి లెక్క ఒక నెల వెనక్కి జరిగింది గానీ, 2017 ఫిబ్రవరి 6న ఆ రెండు వందల మందికీ జనవరి కూలి ఖాతాల్లో పడింది. సీసాల మూతలు బిగించే ఆవిడ ఫోన్ తెచ్చి నాకు చూపించింది. వచ్చిన మెసేజి ఆవిడకి చదవడం రాదు. "అంకె చదివిపెట్టండి అమ్మగారూ" అంది. చదివాను. మళ్లీ చదవమంది.

ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ గారు పనులు జరిగే చోట్ల, ఇంకా ఎన్ని రోజులున్నాయో వెనక్కి లెక్కపెట్టే గడియారాలు పెట్టించారు. మేము అంత ఖర్చు పెట్టలేదు. గోడమీది కాగితం కింద సుద్దముక్కతో రోజూ ఒక అంకె తగ్గిస్తూ వచ్చాం. ఆ పని అక్కడి ఆఫీసు బాయ్‌కి అప్పగించాం. అతను ఒక్కరోజూ మరిచిపోలేదు!

చివరికి 2017 సెప్టెంబరు బదులు అక్టోబరు ఆఖరుకి పూర్తి చేశాం. ఆ ఒక్క నెల ఆలస్యం ఎందుకో ఎవరూ అడగలేదు. పుస్తకంలో సంతకాలతో సహా ఉంది కాబట్టి. లాభనష్టాల లెక్క మాత్రం ఆ ఆఖరి నెలలో గానీ కుదురుకోలేదు. నడిపాయన తన వెబ్‌సైట్ కోసం చివరిదాకా కాస్త ముభావంగానే ఉన్నారు. అందరినీ సంతోషపెట్టి పని పూర్తి చేసినవాళ్లని నేనింతవరకూ చూడలేదు లెండి.

ముగించడం కూడా ఒక పనే. చివరి నెలంతా మేము చేతులు కట్టుకుని కూర్చుని, వాళ్ల చేతే అన్నీ చేయించాం. మనం పక్కన ఉన్నంతకాలం వాళ్లు మనవైపే చూస్తారు. ఆ తర్వాత మళ్లీ కబురొచ్చింది, వెబ్‌సైట్ కోసం. దానికి వేరే ఒప్పందం, వేరే కాగితం, వేరే వాక్యాలు!

"మాకెందుకమ్మా ఈ ఫ్యాక్టరీ గోల?" అంటారేమో. మీలో కుట్టుపని చేసేవాళ్లున్నారు, పెళ్లిళ్లకి పిండివంటలు చేసిచ్చేవాళ్లున్నారు, ట్యూషన్లు చెప్పేవాళ్లున్నారు, ఇల్లు కట్టిస్తున్నవాళ్లున్నారు. అందరికీ ఇదే లెక్క. మూడు వందల అరిసెలకి ఒప్పుకుంటే, "ఎలాగూ పాకం పడుతున్నారు కదా, కాసిని చలిమిడి కూడా" అంటారు. కాదనకండి. రాసుకోండి. ఎంతవుతుందో చెప్పండి, దానివల్ల అరిసెలు ఎన్నింటికి అందుతాయో కూడా చెప్పండి. నూటికి తొంభై మంది "అయితే వద్దులెండి" అంటారు. మిగతా పదిమంది డబ్బిస్తారు. రెండూ మంచివే కదా!

ఈ వారం ఒక తెల్లకాగితం తీసుకోండి. మీరు నెలల తరబడి మోస్తున్న పని ఏదైతే ఉందో, అది పూర్తయిన రోజున ఏ కష్టం తీరాలో మూడు వాక్యాలు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. రాయడానికి మూడు రాకపోతే ఒకటి చాలు. అసలు ఒక్కటీ రాకపోతే మాత్రం, ఆ పని ఎందుకు మోస్తున్నారో ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి అడగండి. ఆ అడగడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.